అద్దకం తొట్టిలో బాపు చేతులు: మంట లేకపోతే భయం లేనట్టేనా?

కొత్తవాడ బిడ్డ | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపుకు ఇప్పుడు 54 ఏళ్లు. ముప్పై ఏళ్ల నుంచి జంపఖానాల నూలుకు రంగులద్దే పనే చేస్తున్నాడు. ఈ జంపఖానాలకే, అంటే వరంగల్ దర్రీలకు, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఇప్పుడు ఆ ఎరుపు, ఆ నీలం వచ్చిన చేతులను చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పగిలి పగిలి మానడం లేదు. గోళ్లు గోధుమరంగుకు తిరిగాయి. పోయిన చలికాలం నుంచి మోచేతుల కింద దాకా దురద. ఈ నెలలో కంటి రెప్పలు కూడా ఉబ్బుతున్నాయి. అడిగితే "మంట లేదు బిడ్డా, చెయ్యి మొద్దుబారింది, ఇగ దానికేం గాదు" అంటాడు. షెడ్డు యజమాని కూడా అందరి చేతులూ ఇట్లనే ఉంటాయంటాడు.

షెడ్డులో నేను చూసినవి ఇవి: కాస్టిక్ సోడా, హైడ్రోస్, వ్యాట్ రంగులు, నాఫ్తాల్, ఇంకా 'బేస్' అని పిలిచే రెండు పొడి డబ్బాలు. నూలు చిలపలను, అంటే నూలు చుట్టలను, వేడి తొట్టిలో ముంచి చేత్తోనే తిప్పుతారు, చేత్తోనే పిండుతారు. నేను కొనిచ్చిన పల్చటి గ్లవుజులు గంటలో చిరిగాయి.

నా ప్రశ్న ఒక్కటే. ఇది ఎంత ప్రమాదమో ఎట్లా తెలుసుకోవాలి? చర్మం పాడైతే చర్మం వరకేనా, లేక అది లోపలికి కూడా పోతుందా? ఎవరికి చూపించాలో, ఏం అడగాలో కూడా తెలియడం లేదు.

సుతారి కొడుకు | ఆదివారం రాత్రి 10.05

అక్కా, మీ బాపు మాట వింటే మా నాయన గుర్తొచ్చాడు. ఆయన సుతారి మేస్త్రీ, మాది నర్సంపేట దగ్గర. ఒకసారి స్లాబు పోసిన రోజు బూటులోకి తడి సిమెంటు మాల్ పోయింది. ఆయనకు ఏమీ అనిపించలేదు, పని అయ్యేదాకా అట్లనే తిరిగాడు. రాత్రి బూటు విప్పితే చీలమండ దగ్గర చర్మం నల్లగా మాడి ఉంది. లోతు గాయం, మానడానికి నెలన్నర పట్టింది. అప్పుడు డాక్టర్ గారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: తడి సిమెంటు కాల్చేటప్పుడు నొప్పి పెట్టదు, నొప్పి పుట్టేసరికి ఆలస్యం అయిపోతుంది. అందుకే మంట లేదన్న మాటను నమ్మకండి.

వైద్య విద్యార్థి | ఆదివారం రాత్రి 11.20

నేను చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నాను. ఫోటో చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పను. కానీ మీరు రాసిన వాటిలో రెండు మాటలు నన్ను ఆపాయి.

పనివల్ల వచ్చే చర్మ రోగాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఒరిపిడి లాంటిది. కాస్టిక్, సబ్బు, సిమెంటు, థిన్నర్ ఇవి ఎవరి చర్మాన్నైనా తింటాయి. ఎంత చిక్కగా తగిలితే, ఎంతసేపు తగిలితే అంత తింటాయి. తగిలిన చోటే కనిపిస్తుంది. రెండోది అలర్జీ. ఇది అందరికీ రాదు. ఏళ్ల తరబడి ఏమీ కాని మనిషికి కూడా ఒక రోజున శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపడుతుంది. ఆ తర్వాత చిటికెడు తగిలినా దద్దుర్లే. ముప్పై ఏళ్లు ఏం కాలేదు కాబట్టి ఇకముందూ ఏం కాదనే లెక్క ఇక్కడ పని చేయదు.

మీ బాపు కంటి రెప్పలు ఉబ్బడం ఈ రెండోదాన్ని అనుమానించేలా చేస్తోంది. రెప్పల మీద చర్మం ఒంట్లో అన్నిటికంటే పల్చన. చేతికి అంటిన రవ్వంత రంగు, కన్ను నులుముకుంటే చాలు.

ఇంకో ప్రశ్న. పండక్కి షెడ్డు మూసినప్పుడు, మేడారం జాతరకు పోయినప్పుడు ఆ వారం పది రోజుల్లో చేతులు నయం అయ్యాయా? మళ్లీ పనికి పోగానే తిరగబెట్టిందా? ఈ ఒక్క జవాబు మాకు సగం రోగ నిర్ధారణ. బాపును అడిగి రాయండి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు ఏదైనా పూస్తుంటే దాని ఫోటో తీసి పెట్టుకోండి. మన దగ్గర చాలామంది స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు నెలల తరబడి పూస్తారు. దురద అణుగుతుంది, చర్మం ఇంకా పల్చబడుతుంది, పల్చబడిన చర్మం లోంచి రసాయనం ఇంకా తేలిగ్గా దిగుతుంది.

పాత మగ్గం | సోమవారం ఉదయం 6.15

నేనూ కొత్తవాడ వాణ్ణే, ఇప్పుడు పని మానేశాను. పిల్లలు భయం పెట్టుకోవద్దని రాస్తున్నాను. మా నాయన, ఆయన అన్న, వాళ్లంతా ఇదే తొట్ల దగ్గర ముసలివాళ్లయ్యారు. సాయంత్రం చేతులకు కొబ్బరినూనె రాసుకునేవాళ్లం. ఈ పనిలో చేతులు రంగు మారడం సహజం. ప్రతిదానికీ ఆసుపత్రి అంటే కూలీ మనిషి బతికేదెట్లా? ఆ చెల్లె బాధ నాకు అర్థమైంది, తప్పుగా అనుకోవద్దు.

సేఫ్టీ రామగుండం | సోమవారం ఉదయం 8.50

నేను రామగుండం వైపు ఒక ప్లాంటులో పద్దెనిమిదేళ్లుగా సేఫ్టీ పని చూస్తున్నాను. పెద్దాయన మాటను గౌరవిస్తూనే కాదని చెప్పాల్సి వస్తోంది, కోపగించుకోకండి బాబాయ్.

చెల్లెమ్మా, నీ ప్రశ్నలోనే జవాబు దొరుకుతుంది. "చర్మం వరకేనా, లోపలికి పోతుందా" అన్నావు. ఇవి రెండు వేర్వేరు ప్రమాదాలు. రెండిటినీ కలిపి చూస్తాం కాబట్టే మోసపోతాం.

కాస్టిక్ మొదటి రకం. చేతికి తగిలితే సబ్బులా జారుడుగా అనిపిస్తుంది కదా, అది మన చర్మంలోని కొవ్వే కరిగి సబ్బుగా మారడం. ఆసిడ్ పడితే పైన గడ్డకట్టిన పొర ఒకటి ఏర్పడి కొంత అడ్డుకుంటుంది. కాస్టిక్ లాంటి క్షారం అట్లా కాదు, కరిగించుకుంటూ లోతుకు పోతుంది. అయితే అది చర్మాన్ని కాలుస్తుందే తప్ప రక్తంలో కలిసి కాలేయాన్నో మూత్రాశయాన్నో దెబ్బతీసే విషం కాదు.

రెండో రకానికి మంట ఉండదు. మీ షెడ్డులోని 'బేస్' డబ్బాలు నన్ను భయపెడుతున్నది అందుకే. నాఫ్తాల్ అద్దకంలో వాడే బేస్‌లు ఆరోమాటిక్ అమైన్లు అనే కుటుంబానికి చెందినవి. వీటిలో చాలావాటికి చర్మం గోడ కాదు, జల్లెడ. చురుక్కుమనదు, దురద పెట్టదు, దిగిపోతుంది. ఇప్పుడు రెండూ కలిపి చూడు: కాస్టిక్ పొద్దంతా చర్మం మీది కొవ్వు పొరను ఊడ్చేస్తుంది, ఆ ఊడిన చేత్తోనే బేస్ కలిపిన తొట్టిలో చెయ్యి పెడతారు.

అందుకే మంట ఉందా లేదా అన్నది కొలత కాదు. మేం లెక్క వేసేది ఇట్లా: అక్కడ ఉన్నది ఏ పదార్థం, ఎంత చిక్కగా ఉంది, ఎంత చర్మం మీద పడుతోంది, ఎంతసేపు ఉంటోంది, ఆ చర్మం బాగుందా పగిలి ఉందా.

చర్మం లెక్క చెబుతాను, ఎవరైనా వేసుకోవచ్చు. పెద్ద మనిషి ఒంటి చర్మం అటు ఇటుగా 18,000 చదరపు సెంటీమీటర్లు. ముందూ వెనకా కలిపి రెండు చేతులు మణికట్టు దాకా అందులో 5 శాతం, అంటే 900. మోచేతుల దాకా ముంచితే ఇంకో 6 శాతం కలిసి దాదాపు 2,000 అవుతుంది. చిలపను మణికట్టు దాకా ముంచడానికీ మోచేయి దాకా ముంచడానికీ తేడా చూసేవాళ్లకు జానెడే, ఒంట్లోకి పోయే దారి మాత్రం రెట్టింపు. మీ బాపుకు దురద ఎక్కడి దాకా ఉందో చూడు, ఆయన చెయ్యి ఎక్కడి దాకా మునుగుతోందో తెలుస్తుంది.

సమయం లెక్కలో అందరూ పొరపాటు పడతారు. తొట్టిలోంచి చెయ్యి తీయగానే అయిపోయిందనుకుంటారు. కడిగేదాకా అయిపోదు. రంగు అంటిన చేత్తో రెండు గంటలు ఉంటే రెండు గంటల తాకిడే. తడిసిన చొక్కా కూడా అంతే.

ఒక్క పని చెయ్యి. ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులో కూర్చుని ఎప్పుడు ఏ తొట్టిలో చెయ్యి పెట్టాడు, ఎంతసేపు, ఎప్పుడు కడిగాడు, దేంతో కడిగాడు, తిండి ఎప్పుడు తిన్నాడు, బీడీ ఎప్పుడు తాగాడు, అంతా కాగితం మీద రాయి. మేం ప్లాంటులో చేసే ప్రమాద మదింపు మొదలయ్యేది ఇక్కడే, ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ డబ్బాల మీద లేబుల్ ఫోటో తీసి పెట్టు.

పత్తిచేను పరకాల | సోమవారం మధ్యాహ్నం 1.30

సేఫ్టీ అన్న రాసింది చదివాక పొలం పని గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పత్తి మీద మందు కొట్టేవాళ్లం మొహానికి తువ్వాలు కట్టుకుంటాం. వాసన పీల్చకూడదని. వీపు మీద పంపు కారి చొక్కా, కట్టుకున్న లుంగీ తడిసిపోతే మాత్రం పట్టించుకోం. ఎండకు చల్లగా ఉందని కూడా అనుకున్నాను ఒకప్పుడు.

ఆరేళ్ల కింద నాకు జరిగింది ఇది. మూత సరిగా బిగించని పంపుతో రెండెకరాలు కొట్టాను. సాయంత్రానికి నోట్లో నీళ్లూరడం, చెమటలు, కళ్లు మసకలు. నేను ఎండదెబ్బ అనుకున్నాను, మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. ఆసుపత్రికి పోయాక డాక్టర్ కంటిపాప చూసి, ఆవగింజంత అయ్యిందని, ముందు బట్టలు విప్పి సబ్బుతో స్నానం చేయించమన్నాడు. నేను గుక్కెడు కూడా మింగలేదు, అంతా చర్మం నుంచే పోయింది. 2017లో మన ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న యవత్‌మాల్‌లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు ఆ వార్త చదువుతూ చేతులు వణికాయి నాకు.

తర్వాత నేనొక లెక్క వేసుకున్నాను. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును పత్తికి లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు కలపమనేవాళ్లు. అంటే సీసాలోని చిక్కటి మందు 1 మిల్లీలీటరు చేతి మీద పడితే, కలిపిన నీళ్లు 600 మిల్లీలీటర్లకు పైగా ఒంటి మీద పోసుకున్నంత మందు పడ్డట్టు. మనం కొట్టేటప్పుడు జాగ్రత్త పడతాం, కలిపేటప్పుడు మాత్రం చేత్తోనే కలియబెడతాం, మూతతో కొలిచి వేళ్లు లుంగీకి తుడుచుకుంటాం. గ్లవుజులు ఒక్క పూటకే ఉన్నాయంటే అవి కలిపే పూట వేసుకోండి.

డబ్బా మీద వజ్రం ఆకారంలో రంగు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు నిర్ణయించేటప్పుడు చర్మం మీద పడితే ఎంతకు ప్రాణం పోతుందో కూడా లెక్కలోకి తీసుకుంటారు. మింగితేనే విషం అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పండి.

రసాయనం టీచర్ | సోమవారం సాయంత్రం 5.10

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. పరకాల తమ్ముడు లుంగీ తడవడం గురించి రాశాడు. దాని మీద పాత పరిశోధన ఒకటి ఉంది, అందరూ తెలుసుకోవాలి.

1971లో అమెరికాలో మైబాక్, ఆయన తోటి శాస్త్రవేత్తలు పారాథియాన్ అనే పురుగుమందును మనుషుల ఒంటి మీద వేర్వేరు చోట్ల కొద్ది కొద్దిగా రాసి ఎంత లోపలికి దిగిందో కొలిచారు. ముంజేయి మీద రాస్తే 8.6 శాతం దిగింది. అరచేతిలో దాదాపు 12 శాతం. పొట్ట మీద 18. నుదుటి మీద 36. చంకలో 64. వృషణాల చర్మం మీద రాసింది దాదాపు మొత్తం దిగిపోయింది. మందు చేతితోనే మూత్రానికి పోయేవాళ్లు, తడిసిన లుంగీతో పొద్దంతా తిరిగేవాళ్లు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి. మనం గట్టిదనుకునే అరచేయి కూడా ముంజేయి కంటే ఎక్కువే పీల్చింది.

ఏది దిగుతుంది, ఏది దిగదు అనడానికి ఒక మోటు కొలత ఉంది. అణుభారం 500 దాటిన పదార్థం ఆరోగ్యంగా ఉన్న చర్మంలోంచి దిగడం కష్టం. తయారైన రంగుల్లో చాలావాటి అణువులు పెద్దవి, అవి పైపొరలోనే అంటుకుని చేతికి రంగునిస్తాయి. బేస్‌ల అణువులు చిన్నవి, చాలావాటి అణుభారం 100కూ 250కీ మధ్య ఉంటుంది, పైగా కొవ్వులో కరుగుతాయి. కాబట్టి కళ్లకు కనిపించే రంగు మరక కంటే కనిపించని ఆ పొడి గురించే ఎక్కువ భయపడాలి.

చేతి తొడుగుల విషయంలో ఒక ప్రాణం ఖర్చుతో నేర్చుకున్న పాఠం ఉంది. కారెన్ వెటర్‌హాన్ అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ప్రొఫెసర్. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస విషం చుక్కలు కొన్ని ఆమె లేటెక్స్ తొడుగు మీద పడ్డాయి. ఆమె తొడుగు వేసుకునే ఉంది, నియమం తప్పలేదు. 1997 జూన్‌లో చనిపోయింది. తర్వాత పరీక్షిస్తే ఆ ద్రవం ఆ రకం తొడుగును 15 సెకన్లలోపే దాటుతుందని తేలింది. మన షెడ్డుల్లో అంతటి విషం లేదు. కానీ చిరగని తొడుగు కూడా అడ్డుకోకపోవచ్చు. ఏ రసాయనానికి ఏ తొడుగు అన్నది చూసి కొనాలి.

పాత మగ్గం | సోమవారం రాత్రి 8.00

మీరంతా రాసింది మనవడు చదివి వినిపించాడు. ఒక మాట దాచకుండా చెబుతాను. నాతో జోడీగా ఇరవై ఏళ్లు తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి మూత్రంలో రక్తం పడి పోయాడు. నొప్పి లేదనేవాడు. బీడీలు బాగా తాగేవాడు, అందుకే వచ్చిందని మేం అనుకున్నాం. ఇప్పుడు నాకు వేరే అనుమానం వస్తోంది.

వైద్య విద్యార్థి | సోమవారం రాత్రి 9.15

పెద్దాయనా, మీరు ఈ మాట చెప్పినందుకు దండం. ఒక్క మనిషి విషయంలో ఇది బీడీ వల్లనా, రంగు వల్లనా అని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. రెండూ మూత్రాశయ క్యాన్సర్‌కు కారణాలే, రెండూ ఉన్న మనిషికి ముప్పు ఇంకా ఎక్కువ.

రంగుల పనికీ ఈ క్యాన్సర్‌కూ ఉన్న బంధం కొత్తగా కనిపెట్టింది కాదు. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో దీన్ని గమనించి చెప్పాడు. బెంజిడిన్ అనే ఆరోమాటిక్ అమైన్ నుంచి చేసే రంగులను మన దేశం 1990ల్లో నిషేధించింది. 1997లో ఏజో అనే రకం రంగులు ఇంకో 70ని నిషేధించింది. తాకిడికీ జబ్బుకూ మధ్య పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గడుస్తుంది. మీ వయసు వాళ్లు అప్పటి రంగులతోనే పని చేశారు. కాబట్టి ఇప్పుడు పని మానేసినా సరే, నొప్పి లేకుండా ఒక్కసారి మూత్రం ఎర్రగా వచ్చినా ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. తగ్గిపోయిందిలే అని ఆగకండి, అది వచ్చి పోతూ ఉంటుంది. మీ జోడీవాళ్లకు, ఇప్పటికీ తొట్ల దగ్గర ఉన్నవాళ్లకు కూడా ఈ ఒక్క మాట చేరవేయండి.

బీడీల ఇంటి నుంచి | సోమవారం రాత్రి 10.40

జగిత్యాల వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మ చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతోంది, నేనూ పెళ్లయ్యేదాకా చుట్టాను. మేం ఏదీ తొట్టిలో ముంచం. ఒళ్లో చాట, తునికాకు, తంబాకు, అంతే. మరి మాకు కూడా ఇది వర్తిస్తుందా? కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం జరుగుతుంది. అలవాటైతే పోతుందని పెద్దవాళ్లు అంటారు. అమ్మ ఎన్నడూ బీడీ తాగలేదు.

సేఫ్టీ రామగుండం | సోమవారం రాత్రి 11.30

వర్తిస్తుంది తల్లీ. నికోటిన్ చర్మం నుంచి తేలిగ్గా దిగే పదార్థం. పొగాకు తోటల్లో తడి ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు రావడం ప్రపంచమంతా తెలిసిన జబ్బు, దాన్ని పచ్చాకు జబ్బు అనవచ్చు. ఎండు తంబాకులో అది నెమ్మదిగా జరుగుతుంది. చెమట పట్టిన చేతికి, పగిలిన వేలికి త్వరగా దిగుతుంది. పొడి ముక్కులోకి పోవడం దీనికి తోడు. అలవాటైతే పోయేది తల తిరగడమే, నికోటిన్ దిగడం ఆగదు. ఎన్నడూ పొగ తాగని మీ అమ్మ మూత్రంలో కోటినిన్ అనే పదార్థం (నికోటిన్ ఒంట్లో మారితే వచ్చేది) కొలిస్తే ఎంత దిగిందో తెలుస్తుంది.

ఈ మూత్ర పరీక్ష సంగతి అద్దకం వాళ్లకూ కావాలి. అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే నిపుణుల సంస్థ గాలిలో ఏ రసాయనం ఎంతకు మించకూడదో ఒక పట్టిక ఇస్తుంది. అందులో కొన్నిటి పక్కన 'స్కిన్' అని రాసి ఉంటుంది. గాలి కొలిచి బాగానే ఉందని సంతోషపడకు, చర్మం నుంచి కూడా పోతుంది అని దాని అర్థం. అనిలిన్, నికోటిన్, ఫినాల్, ఆర్థో టొల్యుడిన్ (ఇదీ ఆరోమాటిక్ అమైనే) అన్నిటికీ ఆ గుర్తు ఉంది. ఆ గుర్తును పట్టించుకోకపోతే ఏమవుతుందో జపాన్‌లోని ఫుకుయిలో కనిపించింది. రంగుల ముడిసరుకు చేసే ప్లాంటు అది. 2015 నాటికి కార్మికుల్లో వరసగా మూత్రాశయ క్యాన్సర్లు బయటపడ్డాయి. గాలిలో ఆర్థో టొల్యుడిన్ పరిమితి కంటే చాలా తక్కువే ఉంది. వెతికితే చేతి తొడుగుల లోపల దొరికింది, కార్మికుల మూత్రంలో దొరికింది. ఆ తొడుగులను కడిగి మళ్లీ మళ్లీ వాడారు. లోపల రసాయనం అంటిన తొడుగు ఉత్త చేతి కంటే చెడ్డది. గాలి ఆడదు, చెమట పడుతుంది, రసాయనం చర్మానికి పట్టు వేసినట్టు అంటుకుని ఉంటుంది.

కొత్తవాడ బిడ్డ | బుధవారం రాత్రి 9.00

మీ అందరికీ ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న సెలవు పెట్టి షెడ్డులో కూర్చున్నాను. సేఫ్టీ అన్న చెప్పినట్టు అంతా రాశాను.

బాపు చెయ్యి తొట్టిలో ఉన్నది మొత్తం కలిపితే 2 గంటల 10 నిమిషాలు. కానీ దానికి రంగు కడగకుండా ఉన్న సమయం కూడా కలిపితే 6 గంటల 40 నిమిషాలు. అన్నానికి ముందు చేతులు కడిగింది బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో, మరక పోవాలని. బేస్ పొడిని డబ్బాలోంచి తీసేది చెంచాతో కాదు, పిడికిలితో. అది చూసి నా గుండె ఆగినంత పనైంది. ఆ పొడి చేత్తోనే కొద్దిసేపటికి బీడీ ముట్టించాడు.

ఒక డబ్బా మీద లేబుల్ చెరిగిపోయింది. రెండోదాని మీద 'ఫాస్ట్ రెడ్ టీఆర్ బేస్' అని ఉంది. దుకాణం వాళ్లను అడిగితే మొదట విసుక్కున్నారు, తర్వాత భద్రతా సమాచార పత్రం వాట్సాప్‌లో పంపారు. హెచ్ అక్షరంతో అంకెలు ఉన్నాయి, నాకు అర్థం కాలేదు.

వైద్య విద్యార్థి గారూ, సంక్రాంతికి పన్నెండు రోజులు షెడ్డు మూసినప్పుడు చేతులు సగం మానాయని అమ్మ చెప్పింది. తెరిచిన నాలుగో రోజుకు మళ్లీ మొదలైందట.

రసాయనం టీచర్ | బుధవారం రాత్రి 9.50

అమ్మా, ఫాస్ట్ రెడ్ టీఆర్ అంటే పారా క్లోరో ఆర్థో టొల్యుడిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2ఏ వర్గంలో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నదని. ఆ డబ్బా బాపు పిడికిలికి ఇక అందకూడదు.

ఆ హెచ్ అంకెల్లో చర్మానికి సంబంధించినవి ఇవి: 310 ఉంటే చర్మం మీద పడితే ప్రాణాంతకం, 311 ఉంటే విషం, 312 ఉంటే హాని. 314 అంటే తీవ్రంగా కాలుస్తుంది, 315 అంటే చర్మానికి చికాకు, 317 అంటే చర్మ అలర్జీ. 310 నుంచి 312 దాకా ఉన్నవి లోపలికి దిగే రకం, మిగతావి చర్మం మీదే చూపించే రకం. 350, 351 క్యాన్సర్‌కు సంబంధించినవి. లేబుల్ లేని డబ్బాను అసలు వాడనివ్వకండి. అదేమిటో తెలియనప్పుడు మదింపు చేయడానికి ఏమీ ఉండదు.

వైద్య విద్యార్థి | బుధవారం రాత్రి 10.30

సెలవుల్లో మానడం, పనికి పోతే తిరగబెట్టడం చాలా గట్టి ఆధారం. ఇక ఆలస్యం చేయకండి. ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి తీసుకెళ్లండి. మీరు రాసిన కాగితం, లేబుల్ ఫోటోలు, ఆ పత్రం వెంట తీసుకెళ్లండి. 'చేతులు దురద' అని మాత్రమే చెబితే ట్యూబు రాసిచ్చి పంపే ప్రమాదం ఉంది. 'పని రంగుల అద్దకం, ఇవీ రసాయనాలు' అని మొదటి మాటగా చెప్పండి.

ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. అనుమానం ఉన్న పదార్థాలను తగినంత పల్చగా చేసి వీపు మీద అంటిస్తారు, 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. ఇంట్లో సొంతంగా ఆ పొడి రాసి చూడకండి, కాలిపోవచ్చు, లేని అలర్జీ కూడా పుట్టవచ్చు. దాంతోపాటు మూత్రంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూడమనండి. మామూలు పరీక్షే, ఖర్చు తక్కువ. బేస్ కలిపిన రోజు పెదవులు, గోళ్లు నీలంగా మారడం, ఆయాసం ఎప్పుడైనా ఉందా అని బాపును అడగండి. ఈ జాతి అమైన్లు కొన్ని రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తాయి. అట్లా జరిగితే అది అదే రోజు ఆసుపత్రికి పోవాల్సిన విషయం.

బ్లీచింగ్ పౌడర్‌తో చేతులు కడగడం ఇవాళే ఆపించండి. మేస్త్రీలు, పెయింటర్లు థిన్నర్‌తో, కిరోసిన్‌తో కడుక్కోవడం కూడా ఇదే తప్పు. మరక పోవడానికి చర్మాన్ని బలి ఇవ్వడమే అది.

అద్దకం కొత్తదారి | గురువారం ఉదయం 7.20

ఇంత బాధ ఎందుకు, సహజ రంగులకు మారితే అయిపోతుంది కదా? నేను దానిమ్మ తొక్క, మంజిష్ఠతో చేస్తున్నాను.

రసాయనం టీచర్ | గురువారం ఉదయం 8.05

మంచి దారే, నాకూ ఇష్టం. కానీ రంగు పట్టడానికి వేసే ఉప్పు ఏదన్నదే అసలు ప్రశ్న. పటిక అయితే పెద్ద భయం లేదు. మైలతుత్తం అయితే జాగ్రత్త కావాలి. కొందరు పొటాషియం డైక్రోమేట్ వాడతారు, అది హెక్సావాలెంట్ క్రోమియం, చర్మానికి పుండ్లు, అలర్జీ, పీలిస్తే క్యాన్సర్. సుతారి మేస్త్రీల చేతులకు సిమెంటులో అలర్జీ తెచ్చేది కూడా ఆ క్రోమియమే. డెన్మార్క్ 1980ల్లోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి దాన్ని తగ్గించింది, 2005 నుంచి యూరప్ అంతా పది లక్షల్లో 2 వంతులకు మించకూడదని నియమం పెట్టుకుంది. మొక్క నుంచి వచ్చిందా, డబ్బా నుంచి వచ్చిందా అని కాకుండా, చేతికి ఏం తగులుతోంది అని అడగండి.

సేఫ్టీ రామగుండం | గురువారం ఉదయం 9.30

చెల్లెమ్మా, నీ కాగితం చూస్తే ఏది ముందు మార్చాలో స్పష్టంగా ఉంది. తొట్టిలో 2 గంటలు, కడగని చేత్తో ఇంకో నాలుగున్నర గంటలు. అంటే కడగడం ఒక్కటి మారిస్తే తాకిడిలో పెద్ద భాగం పోతుంది, దానికి యజమాని అనుమతి కూడా అక్కర్లేదు. తొట్టి పక్కనే మామూలు నీళ్ల బకెట్టు, మెత్తటి సబ్బు పెట్టించు. కాస్టిక్ పడితే 15, 20 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలి. దాని మీద నిమ్మరసం, ఆసిడ్ పోయడం చేయొద్దు.

బేస్ పొడికి పొడవు కాడ ఉన్న గరిటె, మూత ఉన్న డబ్బా. చిలపలు తిప్పడానికి రెండు కర్రలు, నునుపుగా చెక్కినవి. పాత రోజుల్లో కర్రలతోనే తిప్పేవాళ్లని విన్నాను, పెద్దాయన చెప్పాలి. తొడుగుల సంగతి చివర్లో. మోచేతి దాకా వచ్చే మందపాటి నైట్రైల్ రబ్బరువి కాస్టిక్‌కు ఆగుతాయి. లోపల పల్చటి నూలు తొడుగు వేసుకోవాలి, అది రోజూ మార్చాలి. చిన్న చిల్లు పడ్డా పారేయాలి. రబ్బరు తొడుగు వేశాక దురద ఇంకా పెరిగితే రబ్బరులోని రసాయనానికే అలర్జీ కావచ్చు, అప్పుడు డాక్టర్‌కు చెప్పండి.

చట్టం గురించి ఇద్దరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. రసాయనాలు, పెయింట్లు తగిలి వచ్చే చర్మవ్యాధి 1948 ఫ్యాక్టరీల చట్టంలో తప్పనిసరిగా తెలియజేయాల్సిన రోగాల జాబితాలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. చిన్న షెడ్డులకు ఆ చట్టాలు అందకపోవచ్చు. అయినా డాక్టర్ చీటీ మీద 'పని వల్ల వచ్చిన చర్మవ్యాధి' అన్న మాట రాయించుకోండి, పరిహారం అడగాల్సి వస్తే ఆ మాటే ఆధారం.

పాత మగ్గం | గురువారం సాయంత్రం 6.45

కర్రలతోనే తిప్పేవాళ్లం, నిజమే. వెదురు కర్రలు, మూరన్నర పొడవు. తొందర పెరిగి, ఒక్కో మనిషి మీద చిలపల లెక్క పెరిగి చేతుల్లోకి వచ్చింది. కర్రతో తిప్పితే రంగు సమంగా పట్టదని ఇప్పటి యజమానులు అంటారు. పడుతుంది. ముంచి నాలుగు వైపులా తిప్పి, ఒక కర్ర మీద నుంచి రెండో కర్ర మీదికి మార్చాలి, అంతే. చెల్లె, మీ షెడ్డు ఎక్కడో చెబితే నేను వచ్చి చూపిస్తాను.

కొత్తవాడ బిడ్డ | ఆదివారం రాత్రి 8.30

పాత మగ్గం పెద్దనాన్న ఇవాళ పొద్దున వచ్చారు. రెండు వెదురు కర్రలు ఆయనే చెక్కి తెచ్చారు. మొదటి తొట్టి నీలం సమంగానే పట్టింది, యజమాని చేత్తో పట్టుకుని చూసి ఏమీ అనలేదు. పేరు లేని డబ్బా వాడకం ఆపించాం. రెండోదాన్ని బాపు ఇక గరిటెతోనే తీస్తానన్నాడు, అసలు ఆ రంగును మానేయడం గురించి యజమానితో ఇంకా మాట్లాడాలి.

శుక్రవారం ఆసుపత్రికి పోయాం. కాగితం చూపించగానే డాక్టర్ గారు కూర్చోబెట్టి పావుగంట మాట్లాడారు. పాత ట్యూబు ఆపేయమన్నారు. మూత్ర పరీక్షలో రక్తం లేదు. ప్యాచ్ టెస్ట్ వచ్చే సోమవారం అంటిస్తారు, బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి చూస్తారట. ఆ ఐదు రోజులు వీపు తడవకూడదు, పనికి పోకూడదు. ఐదు రోజుల కూలీ పోతుందని బాపు గొణుగుతుంటే, ఆ ఐదు రోజులు తొట్టి దగ్గర తాను నిలబడతానని పెద్దనాన్న అన్నారు. కర్రలతోనే, తొడుగులు వేసుకునే, అని నేను ఒట్టు వేయించుకున్నాను.